పాత కెర్నల్‌ను మాత్రం తీసేయకు

హెల్సింకీ,
ఆదివారం రాత్రి

చిన్నా,

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సగమే చెప్పగలిగాను. లినక్స్ కెర్నల్‌ను, అంటే ఆ సిస్టమ్‌ను నడిపించే మూల భాగాన్ని, సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేశాక చేత్తో ఇన్‌స్టాల్ చేయాలా, కంప్యూటర్‌కే వదిలేయాలా అన్నావు. మొదటిసారి చేత్తోనే చెయ్యి.

ముందుగా మాడ్యూళ్లు, అంటే కెర్నల్ అవసరమైనప్పుడు తగిలించుకునే డ్రైవర్ల వంటి ముక్కలు. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, ‘మేక్ మాడ్యూల్స్_ఇన్‌స్టాల్’ కొడితే అవి కొత్త వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో చేరతాయి. తరవాత కంపైల్‌లో తయారైన కెర్నల్‌ను, అంటే బీజెడ్‌ఇమేజ్ ఫైలును, ‘వీఎంలినజ్’ పేరుతో, వెనక వెర్షన్ తగిలించి, బూట్ ఫోల్డర్‌లోకి కాపీ చెయ్యి. కాన్ఫిగ్, సిస్టమ్ మ్యాప్ ఫైళ్లనూ దాని పక్కనే పెట్టు. ఆ పైన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారు చేసి, చివరగా ‘అప్‌డేట్-గ్రబ్’ నడుపు. ఏ కెర్నల్‌తో మొదలవాలో ఎంచుకునే గ్రబ్ మెనూలోకి కొత్తది అప్పుడే చేరుతుంది.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను నేను మొదటిసారి మరిచిపోయాను. రీస్టార్ట్ చేయగానే తెర నిండా అక్షరాలు పరిగెత్తి, రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేనంటూ కెర్నల్ పానిక్‌తో ఆగిపోయింది. నా డిస్కు డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంది. ఆ మాడ్యూలేమో డిస్కులోనే ఉంది. తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టన్నమాట. ఆ తాళంచెవిని ముందే మెమరీలోకి తెచ్చి కెర్నల్‌కు అందించేదే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. ఆ రాత్రి గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుంటే అయిదు నిమిషాల్లో మళ్లీ పనిలో పడ్డాను. నాన్న బోరులోకి కొత్త మోటారు దించాక పాతదాన్ని నెల రోజులు షెడ్డులోనే ఉంచారు, గుర్తుందా? పాత కెర్నల్‌ను నువ్వూ అలాగే ఉంచు.

ఇదంతా ఒకసారి చేశాక ‘మేక్ బిన్‌డెబ్-పీకేజీ’ వాడు. నీది డెబియన్ రకం లినక్స్ కాబట్టి డెబ్ ప్యాకేజీలు తయారవుతాయి. వాటిని డీపీకేజీ అనే కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, గ్రబ్ పనులు వాటంతటవే జరిగిపోతాయి. వద్దనుకున్నప్పుడు తీసేయడమూ తేలికే. నేనిప్పుడు చేసేది ఇదే. హెడర్ల ప్యాకేజీని వదిలేయకు, కెర్నల్‌తో రాని బయటి డ్రైవర్లను డీకేఎంఎస్ అనే సాధనం కొత్త కెర్నల్‌కు తగ్గట్టు తిరిగి కట్టాలంటే అది కావాలి. కంప్యూటర్‌లో సెక్యూర్ బూట్ అనే రక్షణ ఆన్‌లో ఉంటే డిజిటల్ సంతకం లేని కెర్నల్ మొదలవదు. అది కూడా చూసుకో.

1991లో లీనస్ టోర్వాల్డ్స్ ఈ ఊళ్లోనే, హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ లినక్స్ మొదటి కోడ్‌ను విడుదల చేశాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు, ఇప్పుడు నీ వయసే. ట్రాములో ఆ భవనం ముందునుంచి వెళ్లేటప్పుడల్లా నువ్వు గుర్తొస్తావు. అతను రాసిన కోడ్ నీ ముందు తెరిచి ఉంది, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. మన ఇంట్లో ఒకరు దాన్ని తన చేత్తో కట్టుకుంటున్నారంటే నాకెంత సంతోషంగా ఉందో!

ఇంకొక్క మాట. కంపైల్ మొదలుపెట్టే ముందు కాన్ఫిగ్‌లో ‘లోకల్‌వెర్షన్’ దగ్గర ఒక పేరు ఇవ్వు. లేకపోతే వెర్షన్ ఒకటే అయినప్పుడు కొత్త మాడ్యూళ్లు పాతవాటి మీద పడతాయి. నేను ‘తెనాలి’ అని పెట్టుకున్నాను. కెర్నల్ వెర్షన్ చూపే ‘యునేమ్ -ఆర్’ కొట్టినప్పుడల్లా అంకెల చివర మన ఊరు కనిపిస్తుంది. నీ తెర మీద వచ్చిన ఆ లైనును ఫోటో తీసి పంపు, అమ్మకూ చూపించు.

ఆశీస్సులతో,
అన్నయ్య