ఓడిపోతారని తెలిసినా తిరగాలా?

అమ్మలూ,

నువ్వు పనిచేస్తున్న అభ్యర్థి ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, గెలిచే ప్రసక్తే లేదని మీ మామయ్య అన్నాడటగా. అప్పట్నుంచీ నువ్వు డల్‌గా ఉన్నావని అమ్మ చెప్పింది. గెలుపు విషయంలో మామయ్య లెక్క సరైనదే కావచ్చు. ఇక్కడ అమెరికాలో, పదవిలో ఉన్న కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సభ్యులు సొంత పార్టీ ప్రైమరీలో ఓడటం చాలా అరుదు. అయినా శనివారం డోర్ నాకింగ్, అదే ఇంటింటి ప్రచారం, మాత్రం మానకు.

సెనేటర్ కాకముందు బెర్నీ శాండర్స్ 1970లలో వర్మాంట్ రాష్ట్రంలో సెనేట్‌కీ, గవర్నర్ పదవికీ కలిపి నాలుగుసార్లు నిలబడి నాలుగుసార్లూ ఓడారు. 1981లో అక్కడి బర్లింగ్టన్ నగర మేయర్‌గా గెలిచింది 10 ఓట్ల తేడాతో. ఆ 10 ఓట్లు ఎవరు తలుపు తడితే పడ్డాయో ఎవరు చెప్పగలరు?

నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది నల్లజాతి హక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ కథ. 1988లో డెమొక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం పోటీపడి ఆయన డుకాకిస్ చేతిలో ఓడిపోయారు. కానీ తన వెనకున్న డెలిగేట్ల (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల) బలంతో పార్టీతో బేరమాడి, ఏ రాష్ట్రంలోనైనా వచ్చిన ఓట్ల నిష్పత్తిలోనే డెలిగేట్లను పంచాలని ఒప్పించారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2008 ప్రైమరీల్లో హిల్లరీ క్లింటన్ కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి పెద్ద రాష్ట్రాలు గెలిచినా, అక్కడ కూడా ఒబామాకి తన వాటా డెలిగేట్లు దక్కాయి. ఆయన నామినేషన్‌కి ఆ నియమం ఎంతో కలిసొచ్చింది. 1988లో జాక్సన్ కోసం తిరిగినవాళ్లకు తమ కష్టం అక్కడిదాకా వెళ్తుందని తెలిసే వీలే లేదు.

అలాగని ఓడిన ప్రతి ప్రచారమూ ఏదో ఒకటి మిగిల్చి పోతుందని నేననను. ఎన్నిక అయిన మర్నాడే మాయమయ్యే అభ్యర్థులూ ఉంటారు. మీ అభ్యర్థిని ఒకటి అడుగు: ఓడిపోతే ఈ వాలంటీర్లందరినీ ఏం చేస్తారు? అద్దెల మీదో, జీతాల మీదో పోరాడే స్థానిక సంఘంతో కలుపుతారా? జవాబు సూటిగా వస్తే నీ టైమ్ వృథా కాదు.

ప్రైమరీ వేరు, పార్టీలు తలపడే నవంబర్ ఎన్నిక వేరు అని మాత్రం గుర్తుంచుకో. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో గ్రీన్ పార్టీ తరఫున నిలబడ్డ రాల్ఫ్ నాడర్‌కి 97 వేలకు పైగా ఓట్లు పడ్డాయి, డెమొక్రాట్ అల్ గోర్ మీద బుష్ గెలిచింది 537 ఓట్లతో. తప్పెవరిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నా మటుకు నేను ప్రైమరీలో మనసు చెప్పినట్టు చేయమంటాను. పోటీ గట్టిగా ఉన్న రాష్ట్రంలో నవంబర్ ఓటు వేసేముందు మాత్రం ఎవరు గెలిస్తే ఎవరి బతుకు ఏమవుతుందో చూడమంటాను.

ఇంకో మాట. "ఈ రాత్రికే గడువు" అని భయపెట్టి చందా అడిగే ఈమెయిళ్లకు కార్డు తీయకు. ఎక్కడో దూరాన ఉన్న అభ్యర్థికి పంపే డాలర్ కన్నా, మీ వీధిలో నువ్వు నడిచే గంట విలువ ఎక్కువ.

గ్రీన్ కార్డు మీద ఉన్న నాకు ఇక్కడ ఓటు లేదు, కానీ చందా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. నాకు చేతనైనంత ఇస్తాను. నీ పేరు మీద కట్టమని నీకు డబ్బు పంపను, ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వడం నేరం. నా పేరు మీదే కడతాను, ప్రచారం లింక్ పంపు. అద్దెల గురించి మీ అభ్యర్థి ఏం చేస్తానంటోందో కూడా రాయి, చదివాకే కడతాను.

నాన్న