జెంటూ: తిట్టూ కాదు, పొగడ్తా కాదు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత మద్రాసు గురించి వేసిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కాకపోతే మధ్యలో ఒక ముక్క ఉంది చూడండి, "ఇంగ్లీషువాళ్లు తెలుగువాళ్లని అవమానించడానికి జెంటూలు అనేవారు" అని, అదొక్కటే గొంతులో ముల్లులా అడ్డం పడింది. అందుకే ఈ ఉత్తరం. ఇంకోపక్క మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో దీనికి పూర్తిగా రివర్సు కథ తిరుగుతోంది, జెంటూ అంటే జెంటిల్ నుంచి వచ్చిందట, మనవాళ్ల మర్యాద చూసి దొరలు ముచ్చటపడి పెట్టారట! ఒకళ్లు ఏడుస్తున్నారు, ఒకళ్లు కాలరెగరేస్తున్నారు, రెండూ అనవసరం.

అసలు సంగతేంటంటే ఆ మాట ఇంగ్లీషువాళ్ల సొంతం కూడా కాదు. పోర్చుగీసు వాళ్లది. వాళ్లు 1498లో కాలికట్ దగ్గర దిగినప్పటి నుంచి ఇక్కడి జనాన్ని రెండు గంపల్లో వేసేశారు, ముస్లిములైతే మూరులు, మిగతా అందరూ జెంటియోలు. జెంటియో అంటే వాళ్ల భాషలో అన్యమతస్థుడు, అంతే, అందులో తెలుగూ లేదు తమిళమూ లేదు. ఆ తర్వాత మద్రాసు పక్కనున్న శాంథోంలో స్థిరపడ్డారు, తూర్పు తీరమంతా వ్యాపార భాష అంటే విరిగిన పోర్చుగీసే అయిపోయింది, మనం ఇప్పటికీ వాడే మేస్త్రి, తువ్వాలు, పాదిరి అన్నీ ఆ ఓడల్లో దిగినవే కదా. వాళ్ల వెనకాల వచ్చిన ఇంగ్లీషు కంపెనీవాళ్లు సరుకులతో పాటు మాటలు కూడా వాళ్ల దగ్గరే ఎత్తుకున్నారు. జెంటియో కాస్తా జెంటూ అయింది, ఒక్కో గుమాస్తా ఒక్కో స్పెల్లింగు, ఎవడి చెవికి ఎలా వినబడితే అలా రాసుకోవడమే.

మరి జెంటిల్ కథ పూర్తిగా అబద్ధమా అంటే అదీ కాదండోయ్, ఇక్కడే తమాషా. లాటిన్‌లో జెంటిలిస్ అని ఒక మాట ఉంది, ఒకే వంశంవాడు అని దాని పాత అర్థం. అది ఫ్రెంచిలోకి వెళ్లి మంచి వంశంవాడు అయి, అక్కణ్ణించి ఇంగ్లీషులోకి వచ్చి జెంటిల్, జెంటీల్ అయింది, ఆఖరికి హుషారుగా నడిచేవాణ్ణి అనే జాంటీ కూడా ఆ కొమ్మదే. అదే మాట చర్చిల లాటిన్‌లో మన మతం కానివాడు అనే అర్థానికి తిరిగి జెంటైల్ అయింది, పోర్చుగీసులో జెంటియో అయింది. కాబట్టి జెంటిల్‌మన్‌కీ జెంటూకీ మూలపురుషుడు ఒకడే, కానీ వీడు వాడి కొడుకు కాదు, దాయాది. వాట్సాప్ పెద్దమనుషులు తండ్రినే మార్చేశారు.

ఇక అందరికీ వర్తించిన మాట మన ఒక్కళ్ల మీదే ఎందుకు వాలింది? 1886లో యూల్, బర్నెల్ అని ఇద్దరు కలిసి వేసిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువులో దీనికి ఒక కారణం చెప్పారు, పోర్చుగీసువాళ్లు వచ్చిన టైములో దక్షిణాదిలో చాలాభాగం విజయనగరం చేతిలో ఉంది, దాన్ని వాళ్లు తెలుగు రాజ్యంగానే చూశారు, కాబట్టి జెంటూ అంటే ముందుగా కళ్లముందు కనబడింది తెలుగువాడే అని. వాళ్లు కూడా బహుశా అనే రాశారు. నాకైతే సబబుగానే అనిపిస్తుంది. 1639లో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి మద్రాసు అయిన ఈ ఇసకదిబ్బ రాసిచ్చింది ఎవరు, దామెర్ల నాయకులు. ఊరికి చెన్నపట్నం అని పేరొచ్చింది వాళ్ల తండ్రి చెన్నప్ప పేరు మీదే అంటారు. దొరలకి మధ్యవర్తులుగా, అనువాదకులుగా పనిచేసిన దుబాసీల్లో, కంపెనీకి బట్టలు సప్లై చేసిన వర్తకుల్లో తెలుగువాళ్లు ఎంతమందో, ఇది మీ పాఠకులకి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు పాయింటుకి వస్తాను. అప్పటి మద్రాసు ఇంగ్లీషులో ఇక్కడి మూడు భాషలకి మూడు పేర్లు. తమిళానికి మలబారు, తెలుగుకి జెంటూ, హిందుస్తానీకి మూర్స్. మూడిట్లో ఒక్కటన్నా ఆ భాష మాట్లాడేవాళ్లు పెట్టుకున్న పేరా? తమిళానికి పెట్టిన పేరు అవతల కేరళ తీరానిది, మన భాషకి పెట్టిన పేరు చర్చి పుస్తకంలోది, మూడోదానికి పెట్టిన పేరు ఎక్కడో ఆఫ్రికా ఉత్తరాన ఉన్నవాళ్లది. అంటే ఇది మనల్ని ప్రత్యేకంగా పిలిచి కొట్టిన దెబ్బ కాదు, పక్కింటివాళ్లకీ అదే పడింది. మీ వ్యాసంలో ఈ మలబారు సంగతి ఒక్క వాక్యం రాసుంటే అవమానం అనే మాటే వచ్చేది కాదు.

పైగా ఊరు మారితే అర్థం కూడా మారిపోయేది. కలకత్తాలో గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ హయాంలో పదకొండుమంది పండితుల్ని కూర్చోబెట్టి సంస్కృతంలో ధర్మశాస్త్రాలు ఏరించి, దాన్ని ఫార్సీలోకి, ఫార్సీ నుంచి ఇంగ్లీషులోకి మార్పించి 1776లో అచ్చేశారు, పేరు ఏ కోడ్ ఆఫ్ జెంటూ లాస్. పేరు చూసి తెలుగువాళ్ల చట్టాలు అనుకునేవాళ్లని నేను కళ్లారా చూశాను, అందులో మన సంగతేం లేదండి, కలకత్తాలో జెంటూ అంటే హిందువు అంతే. ఆ ఇంగ్లీషు చేసిన హాల్‌హెడ్ అయితే ముందుమాటలో ఇంకో అడుగు ముందుకేసి, ఇది సంస్కృతంలో ప్రాణి అని, కాస్త కుదిస్తే మనిషి అని రాసుకున్నాడు, అంటే మన జంతువు అన్నమాట! ఇంగ్లీషువాళ్లు అవమానించారు అనేవాళ్లకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు గానీ, పాపం ఆయన తిట్టలేదు, ఆ మాటని పోర్చుగీసువాళ్లు ఇక్కడివాళ్ల నోట విని ఎత్తుకుని ఉంటారనుకుని సంస్కృతంలో మూలం వెతికాడు.

అదే నలభై ఏళ్లు గడిచి మద్రాసుకొస్తే సీను వేరు. 1816లో కంపెనీ ఉద్యోగులకి ఇక్కడి భాషలు నేర్పే కాలేజ్ ఆఫ్ ఫోర్ట్ సెయింట్ జార్జ్ తరఫున ఏ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వేశాడు. దాని మొదటి పేజీ స్కాను నెట్‌లో దొరుకుతుంది, ఓపికుంటే చూడండి, తెలుగుకి స్పెల్లింగు ఎల్ తర్వాత రెండు ఓలు, జి తర్వాత మళ్లీ రెండు ఓలు, ఆ కిందనే "మామూలుగా జెంటూ అని పిలవబడేది" అనే అర్థంలో ఒక ముక్క, ఇంకాస్త కింద హిందూకి కూడా రెండు ఓలే. ఒక్క పేజీలో అన్ని సున్నాలు గుండ్రంగా వరసగా కూర్చుని ఉంటే మన లిపే ఇంగ్లీషులోకి దూరిందా అనిపిస్తుంది. చూడండి, అప్పటికే పెద్దక్షరాల్లో అసలు పేరు, వెనకాల జెంటూ, అంటే పాతమాట తప్పుకోవడం మొదలైంది. ఈ పుస్తకం ముందుమాటలోనే కంపెనీ అధికారి ఎల్లిస్ దొర తెలుగు సంస్కృతం బిడ్డ కాదు, తమిళం కన్నడాలతో ఒక కుటుంబం అని వాదించాడు, ద్రావిడ భాషల వ్యాకరణం రాసిన కాల్డ్వెల్‌కి నలభై ఏళ్లు ముందు. కానీ మరుసటేడు, 1817లో, విలియం బ్రౌన్ అని ఇంకొకాయన, మన సి.పి. బ్రౌన్ కాదు, మద్రాసులోనే వేసిన వ్యాకరణానికి జెంటూ భాష అనే పేరు పెట్టాడు. ఒకే ఊళ్లో రెండు పేర్లూ పక్కపక్కన నడిచాయి. 1852లో సి.పి. బ్రౌన్ నిఘంటువు వచ్చేసరికి తెలుగు అనేదే నిలబడింది.

ఇంకో తమాషా కూడా చెప్పి తీరాలి. ఇక్కడ అన్యమతస్థుడు అనే మాట తెలుగువాడైతే, ఉత్తరాదిలో తెలుగువాడు అనే మాట సిపాయి అయింది. మద్రాసు నుంచి కంపెనీ తీసుకెళ్లిన సిపాయిల్లో మనవాళ్లు ఉండబట్టి బెంగాలులో సిపాయిని తెలింగా, తిలంగా అనేవారు, 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా అక్కడి జనం తిలంగాలనే పిలిచారు, వాళ్లలో తెలుగు ముక్క వచ్చినవాడు ఎక్కడున్నాడు, అందరూ అవధ్, బీహారు వైపు వాళ్లు.

మరి జెంటూ ఇప్పుడు ఎక్కడుంది? అంటార్కిటికా దగ్గర. జెంటూ పెంగ్విన్ అని ఉంది, తల మీద ఈ కంటి నుంచి ఆ కంటికి తెల్ల పట్టీ, అది తలపాగాలా ఉందని ఆ పేరు పెట్టారని ఒక వాదన, గ్యారంటీ లేదు. దాని సైంటిఫిక్ పేరులో పాపువా అని కూడా ఉంది, పాపువాలో పెంగ్విన్లు లేనే లేవు, దానికి పడ్డవన్నీ అరువు పేర్లే పాపం. ఈత స్పీడుకి పేరుపడ్డ పక్షి కాబట్టి ఆ పేరునే కంప్యూటర్లు నడిపే ఒక లినక్స్ సాఫ్ట్‌వేర్‌కి పెట్టారు, చెన్నై ఓఎంఆర్ రోడ్డు ఐటీ కుర్రాళ్లని జెంటూ అంటే ఏంటని అడగండి, ఠక్కున కంప్యూటర్ సంగతే చెప్తారు.

అందుకని నేను కోరేదేంటంటే, ఇకమీదట పాత మద్రాసు కాగితాల నుంచి ఏదన్నా తెలుగు చేసి వేసేటప్పుడు జెంటూ అని ఉన్నచోట జెంటూ అనే ఉంచండి, కంటికి కనబడగానే తెలుగువాడు అనో హిందువు అనో మార్చేయకండి. ఏ ఊళ్లో ఏ సంవత్సరంలో రాసిందో చూసి, ఇక్కడ ఫలానా అర్థం అని కింద ఒక లైను వేస్తే చాలు. మన పిల్లలెవరన్నా ఎగ్మోర్ ఆర్కైవ్స్‌లో గానీ ఆన్‌లైన్ కేటలాగుల్లో గానీ మన చరిత్ర వెతికేటప్పుడు తెలుగు అని ఒక్కటే కొట్టి ఏమీ లేదని వచ్చేయకుండా, జెంటూ, జెంటు, తెలింగా, తెలింగానా, రెండు ఓల తెలూగూ, ఇవన్నీ కూడా కొట్టి చూడమని అదే పేజీలో ఒక బాక్సు కట్టి వేయండి. విలియం కేరీ 1814 వ్యాకరణం తెలింగానా భాష పేరుతోనే ఉంది, తెలుగు అని ఒక్కటే వెతికితే అది తగలకపోవచ్చు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
పెరంబూర్, చెన్నై