ఖాళీ జాగాలు కూరగాయల మడులకివ్వండి
నగరాల్లో ప్రభుత్వ ఖాళీ స్థలాలు చెత్తకుప్పలవుతుంటే, నాలుగు కూరగాయ మొక్కలు వేసుకుందామనుకునే వారికి జానెడు నేల దొరకడం లేదు. మిద్దె తోట పెంచుకోమని సలహా ఇవ్వడం తేలికే. అద్దెకుండేవారికి మిద్దె ఎక్కడిది? పైగా అడుగు లోతు తడి మట్టి చదరపు మీటరుకు సుమారు 500 కిలోలు తూగుతుంది. పాత స్లాబు మీద అంత బరువు మోపితే ప్రమాదం. కలిసి సాగుచేసే చోట నేను చూసిందేమిటంటే, ఏళ్లుగా పక్కపక్కనే ఉంటూ పలకరించుకోనివారు కూడా వంగ మొక్కకు పట్టిన పేనుబంక గురించి గంటసేపు మాట్లాడుకుంటారు. వంటింటి తొక్కలు లారీ ఎక్కకుండా అక్కడే ఎరువవుతాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలి దిగుమతులు పడిపోయాక క్యూబా రాజధాని హవానా వాసులు ఇలాంటి జాగాల్లోనే కూరగాయలు పండించారు. అంత కష్టం వచ్చేదాకా ఆగాలా? మున్సిపాలిటీలు ఈ స్థలాలను కనీసం మూడేళ్లకు రాతపూర్వకంగా కాలనీ సంఘాలకు అప్పగించి, ఒక కుళాయి వేయించాలి. ఏడాదికే ఖాళీ చేయమంటే మట్టి బాగుచేసే ఓపిక ఎవరికుంటుంది? అప్పగించే ముందు మాత్రం మట్టిలో సీసం ఉందేమో పరీక్ష చేయించాలి. పాత రంగుల నుంచి, ఒకప్పటి పెట్రోలు పొగ నుంచి చేరిన సీసం ఆకుకూరలకు అంటిన మట్టితో పాటు పిల్లల ఒంట్లోకి పోతుంది.