పర్లాకిమిడికి ముప్పై మూడు బైట్లు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

చిన్నీ,

క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) ఫలితం సైజు ఎలా కొలవాలని పొద్దున ఫోన్లో నువ్వు అడిగినదానికి సగమే చెప్పాను. ఈలోగా మీ నాన్న పాతపట్నం నుంచి వచ్చి చేపల సంచి నా చేతిలో పెట్టేశారు, ఇంక మాటేం సాగుతుంది. వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే నువ్వు చదవవు, ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు. అందుకే కూర్చుని ఇలా రాస్తున్నాను.

ముందు నీ "బగ్" సంగతి, మన ఊరి పేరుకి పొడవు అడిగితే 33 వచ్చిందన్నావు కదా. అది బగ్ కాదే. మీ డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ అడిగితే బైట్లు, అంటే దాచడానికి ఎంత చోటు పడుతుందో, చెబుతుంది. మన ఊరి పేరే చూడు, కంటికి ఐదు అక్షరాలు: ప, ర్లా, కి, మి, డి. కంప్యూటర్ మాత్రం ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి అని విడగొట్టి పదకొండు లెక్కపెడుతుంది. అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగుకి ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 33, నీకు వచ్చింది సరిగ్గా అంతే. అదే పేరు ఇంగ్లిష్‌లో రాసినా పదకొండు అక్షరాలే, కానీ 11 బైట్లతో సరిపోతుంది. ఒడియాకీ మనలాగే మూడేసి. నీకు ఆ పదకొండు కావాలంటే క్యార్_లెంగ్త్ అడుగు. నేను వాడే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఇది తిరగబడి ఉంటుంది, అక్కడ లెంగ్త్ అంటే ఆ పదకొండే, బైట్లకి ఆక్టెట్_లెంగ్త్ వాడాలి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో పుట్టి పొల్లుని మర్చిపోయావంటే నిన్ను ఏమనాలి!

అక్కడితో అయిపోలేదు. మీ సర్వర్ పీహెచ్‌పీ అన్నావు కదా, అందులో డేటాని పంపే టెక్స్ట్‌గా (జేసన్‌గా) మార్చే జేసన్_ఎన్‌కోడ్‌ని మామూలుగా పిలిస్తే తెలుగు అక్షరాలని అలాగే పంపదు, ఒక్కోదాన్ని బ్యాక్‌స్లాష్, యు, ఆపైన నాలుగు గుర్తులుగా మార్చేస్తుంది, అంటే ఆరేసి బైట్లు. పైథాన్‌లో జేసన్ డంప్స్‌ది కూడా ఇదే అలవాటు. మన ఊరి పేరు 66 అయిపోయిందన్నమాట. యూనికోడ్‌ని ఎస్కేప్ చెయ్యొద్దని చెప్పే ఆప్షన్ రెండింట్లోనూ ఉంది, పెట్టుకో.

ఇప్పుడు అసలు విషయం. "క్వెరీ రిజల్ట్ సైజు ఎంతో కొలిచి చెప్పు" అని మీ సీనియర్ అన్నాడు, నువ్వు టేబుల్ సైజు చెప్పేశావు, అతను నవ్వాడు. నువ్వు దానికే అంత బాధపడక్కర్లేదు, ఎందుకంటే నేను ఇరవై ఏళ్ళు ఈ పని చేసి, అంతకంటే పెద్ద తప్పు చేశాను.

ఇక్కడ ఒక రైస్ మిల్లుకి నేను రాసిచ్చిన వెబ్ అప్లికేషన్ నీకు తెలుసు. ఓ 200 మంది రైతులు, పేరు, ఊరు, ధాన్యం బస్తాలు, పక్కన పట్టా కాగితం స్కాన్. ఆ స్కాన్ ఒక్కోటి దాదాపు 150 కేబీ, దాన్ని కూడా అదే టేబుల్లో ఒక గడిలో పెట్టాను. పేజీకి సెలెక్ట్ స్టార్, అంటే అన్ని గడులూ తెమ్మని, రాసి పడేశాను, లాప్‌టాప్‌లో పది వరుసలతో చూసుకుని బాగుందనుకున్నాను. కోతలయ్యాక మండీలో కూర్చున్న గుమస్తా ఫోన్: "మేడమ్, మీ పేజీ మూడుసార్లు తెరిస్తే టీ తాగి రావచ్చు, పైగా మధ్యాహ్నానికే నెట్ అయిపోతోంది."

నేను ఏం చేశాను? టేబుల్ సైజు చెప్పే పీజీ_రిలేషన్_సైజ్ చూశాను. 40 కేబీ అంది. ఇంత చిన్న టేబుల్‌కి నెమ్మదేంటి, మండీలో సిగ్నల్ లేదు అని ఆయన్నే అన్నాను. క్వెరీకి ఎంతసేపు పట్టిందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కూడా చేశాను, రెండు మిల్లీసెకన్లు. అందులో విడ్త్, అంటే వరుస ఒక్కోటి ఎన్ని బైట్లో అంచనా, కూడా తక్కువే చూపించింది. మూడూ నాకు అబద్ధం చెప్పలేదు, నేను అడిగిందే తప్పు.

పోస్ట్‌గ్రెస్‌లో వరుస రెండు కేబీ దాటిందంటే పెద్ద గడిని కుదించి చూస్తుంది, అప్పటికీ ఇమడకపోతే టోస్ట్ అనే పక్క టేబుల్లో దాచి, అసలు వరుసలో చిరునామా చీటీ లాంటిది మాత్రమే ఉంచుతుంది. పీజీ_రిలేషన్_సైజ్ ఆ పక్క టేబుల్ని చూడదు, దానికి పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ కావాలి. విడ్త్ కూడా ఆ చీటీనే లెక్కేసింది. ఇక ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ క్వెరీని నడుపుతుంది గానీ ఫలితాన్ని ఎవరికీ పంపదు, పక్క టేబుల్ జోలికే పోదు, కాబట్టి రెండు మిల్లీసెకన్లు.

తర్వాత బుద్ధి వచ్చి గడి గడికీ పీజీ_కాలమ్_సైజ్ వేసి కూడితే 30 ఎంబీ. ఇది డిస్కు మీద. పోస్ట్‌గ్రెస్ బైనరీ గడిని టెక్స్ట్ రూపంలో పంపేటప్పుడు హెక్స్‌గా మారుస్తుంది, ఒక బైట్‌కి రెండు అక్షరాలు, అంటే డేటాబేస్ నుంచి నా సర్వర్‌కి 60 ఎంబీ వచ్చింది. అక్కడ నేను హెక్స్ విప్పి, అసలు 30 ఎంబీని బేస్64 (బైనరీని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) చేసి జేసన్‌లో కుక్కాను, మూడు బైట్లకి నాలుగు, కాబట్టి ఫోన్‌కి 40 ఎంబీ. ఒకటే క్వెరీ, 40 కేబీ, 30, 60, 40 ఎంబీ. ఏది సైజు అంటే ఏం చెబుతావు? గుమస్తా ప్యాక్ రోజుకి 1.5 జీబీ, ముప్పై ఏడు సార్లు పేజీ తెరిస్తే ఖాళీ. మిల్లు ఓనరు ఏమీ అనలేదు గానీ నాకే సిగ్గేసింది. ఆ రాత్రే స్కాన్ గడిని క్వెరీలోంచి తీసేసి, పేరు నొక్కితేనే ఒక్క కాగితం వచ్చేలా మార్చాను.

అందుకని నువ్వు ముందు ఎక్కడ నొప్పి ఉందో చూడు. నీ పేజీ తెల్లగా వస్తోందన్నావు, అంటే ఫోన్ దాకా రావట్లేదు, సర్వర్ మెమరీలోనే ఏదో జరుగుతోందని నా అనుమానం. పీహెచ్‌పీ మామూలుగా మైఎస్‌క్యూఎల్ ఫలితం మొత్తాన్నీ ముందే మెమరీలోకి లాక్కుంటుంది, మెమరీ లిమిట్ ఎవరూ మార్చకపోతే 128 ఎంబీ. ఎక్కువలో ఎక్కువ ఎంత మెమరీ వాడిందో చెప్పే మెమరీ_గెట్_పీక్_యూసేజ్ ఒకసారి ప్రింట్ చేయించు, ఎర్రర్ లాగ్ కూడా తెరిచి చూడు.

డేటాబేస్ నుంచి సర్వర్‌కి తీగ మీద ఎంత వెళ్ళిందో తెలియాలంటే మీ మైఎస్‌క్యూఎల్‌లో సులువే. క్వెరీకి ముందూ వెనకా అదే కనెక్షన్‌లో షో సెషన్ స్టేటస్‌తో బైట్స్_సెంట్ చూసి, రెండింటి తేడా తీసుకో. చూపించే కమాండ్‌వి కూడా కొన్ని బైట్లు కలుస్తాయి, పట్టించుకోకు. (పోస్ట్‌గ్రెస్ వాళ్ళకి ఈ సుఖం 17వ వెర్షన్ దాకా లేదు, 2024లో ఎక్స్‌ప్లెయిన్‌కి సీరియలైజ్ అని ఒకటి చేర్చారు, అది ఎన్ని కేబీ అయ్యేదో చెబుతుంది. నా తప్పు జరిగినప్పుడు అది ఉండి ఉంటే బాగుండేది.) బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే జీజిప్ అయ్యి (దారిలో కుదించుకుని) వచ్చినదీ, విప్పాక అయినదీ రెండూ కనిపిస్తాయి, రెండూ రాసుకో.

గోనె బరువు కూడా మర్చిపోకు. కాటా మీద బస్తా పెడితే గోనె తీసి లెక్కకడతారు, మనం జేసన్‌లో తీయం. ఒక గడికి ఫార్మర్_విలేజ్_నేమ్ అని ఇంగ్లిష్‌లో పేరు పెట్టావనుకో, 19 అక్షరాలు, కోట్లు, కోలన్, కామా కలిపి 23 బైట్లు, అది ప్రతి వరుసలోనూ వస్తుంది. 5000 వరుసలకి 1,15,000 బైట్లు ఆ ఒక్క పేరుకే. జీజిప్ దీన్ని బాగా నొక్కేస్తుంది కాబట్టి దీనికోసం పేర్లు కురచ చేసి కోడ్ పాడుచేయకు, మెమరీలో మాత్రం నిండుగానే ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. స్కాన్‌లు, ఫోటోలు జీజిప్‌కి లొంగవు. అది బేస్64 పెంచిన దాన్ని తగ్గిస్తుందంతే.

సగటు మాత్రం ఒక్కటే చూడకు, అన్నిటికంటే పెద్ద వరుస ఎంతో మ్యాక్స్ వేసి చూడు. నాకు ఒక రైతు కాగితం ఎవరో కెమెరాతో తీసి పెట్టింది 6 ఎంబీ దొరికింది.

రేపు ఆఫీసుకి వెళ్ళగానే పీక్ మెమరీ, బైట్స్ సెంట్, నెట్‌వర్క్ ట్యాబ్ అంకెలూ నాకు పంపు, క్వెరీ కూడా. అసలు డేటా మీదే కొలవాలి, నీ లాప్‌టాప్‌లోని పది వరుసల మీద కాదు. చేపలు పులుసు పెట్టాను, నీ వాటా మీ తమ్ముడు తినేశాడు.

అమ్మ