బతుకుతున్నవాళ్ల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ బెంగళూరు పేజీలో డిప్రెషన్ అనే మాట కనిపించిందంటే ఎవరో ప్రాణం తీసుకున్నారనే లెక్క. మార్కులు తగ్గాయని ఒకరు, ఉద్యోగం పోయిందని ఇంకొకరు. కారణం శీర్షికలోనే తేల్చేస్తారు. పక్కన ఫొటో, కింద వీధి పేరుతో సహా ఇంటి వివరం. అదే జబ్బుతో ఏళ్ల తరబడి వంట చేసుకుంటూ, ఆఫీసుకెళ్తూ, పిల్లల్ని స్కూలుకి పంపుకుంటూ బతుకుతున్నవాళ్లం ఈ ఊళ్లో బోలెడుమందిమి ఉన్నాం. మా ఊసు మాత్రం ఎక్కడా రాదు.

మన ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. పెద్దవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చిందని అందులో తేలింది. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లలో వైద్యం అందనివాళ్లు నూటికి 85 మంది. అంటే మీ పాఠకుల్లోనే మావాళ్లు ఎంతమంది ఉంటారో చూడండి.

అలాంటి చావు వార్త చదివి ఆరోగ్యంగా ఉన్న మనిషి అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తాడు. ఒంట్లో బాగోని రోజున చదివితే నాకది వేరేలా తగులుతుంది. చివరికి నా గతీ ఇంతేనేమో అనిపిస్తుంది. ఇది నా ఒక్కదాని భయమేమీ కాదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1987లో ఆత్మహత్యల గురించి ఎలా రాయాలో పత్రికలకు సూచనలిచ్చారు. పత్రికలు హడావుడి తగ్గించాక అక్కడి మెట్రోలో ఆత్మహత్యలు కొద్ది నెలల్లోనే బాగా తగ్గాయి. చావు ఆలోచన వచ్చినా తట్టుకుని నిలబడినవాళ్ల కథనాలు వచ్చిన తర్వాత ఆత్మహత్యలు తగ్గడాన్ని 2010లో ఆస్ట్రియా పరిశోధకులే గమనించారు. మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో మార్గదర్శకాలిచ్చింది: సంచలన శీర్షికలు వద్దు, ఎలా చనిపోయారో వివరించొద్దు, ఫొటోలు వాడొద్దు అని. ఆ కాగితం మీ డెస్కు దాకా వచ్చిందో లేదో గానీ, పేజీ చూస్తే రాలేదనే అనిపిస్తోంది.

మరి ఏం రాయమంటావమ్మా అని అడుగుతారేమో. హోసూరు రోడ్డులో నిమ్‌హాన్స్ ఓపీ దగ్గర ఒక్క పూట కూర్చోమని మీ విలేకరికి చెప్పండి. కన్నడతో పాటు తెలుగూ బాగానే వినిపిస్తుంది. హిందూపురం నుంచి, మదనపల్లె నుంచి రాత్రి బస్సెక్కి వచ్చినవాళ్లు. కిందటిసారి నా పక్క బెంచీలో ఒక పెద్దాయన, “ఈ మాత్రలు జీవితాంతం మింగాలంటనా? అలవాటైపోతాయంట గదా?” అని కనిపించిన ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాడు. కూతురేమో ఒళ్లో ఫైలు పెట్టుకుని నేల చూస్తోంది. ఆయన ప్రశ్నకు జవాబు మీ పేపర్లో వచ్చి ఉంటే ఆ మనిషికి సగం టెన్షన్ తగ్గేది. మొదటిసారి వచ్చినవాళ్లకు తగ్గిన తర్వాత మామూలుగా మరో 6 నుంచి 9 నెలలు మందు కొనసాగిస్తారు. మళ్లీ మళ్లీ వచ్చే నాలాంటివాళ్లకు ఇంకా ఎక్కువ కాలం. డిప్రెషన్ మాత్రలు మత్తుమందులా వ్యసనం కావు, కాకపోతే ఉన్నట్టుండి ఆపేస్తే తలతిరుగుడు, చిరాకు, నిద్రపట్టకపోవడం మొదలవుతాయి. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి.

ఇంకోటి. మందు మొదలుపెట్టాక గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా కడుపులో తిప్పుతుంది. చాలామంది అక్కడే మానేసి, మందులు పనిచెయ్యవని ఊరంతా చెబుతారు. నన్ను ఆ వారాలు గట్టెక్కించింది మా ఆయన. రోజూ టిఫినయ్యాక మాత్ర నా చేతిలో పెట్టి, నీళ్ల గ్లాసిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేవారు. ఒక్క నీతివాక్యం చెప్పలేదు, ఆయన పుణ్యం.

ఆశ వదులుకోకూడదని అందరూ అంటారు. ఈ జబ్బు ముందుగా తినేసేదే దాన్ని. మనసులో వెతికితే ఏముంటుంది? అందుకే నేను బయట దాచుకుంటాను. డాక్టరు రాసిచ్చిన వచ్చే నెల తారీఖు, ఆదివారం తప్పకుండా వచ్చే మా చెల్లెలి ఫోను, కిందటిసారి తగ్గినప్పుడు డైరీలో నా చేత్తోనే రాసుకున్న ‘పోయినేడాదీ ఇలాగే అనిపించింది, తగ్గింది’ అన్న వాక్యం. మీ పేపర్లోని పదకేళి కూడా పనికొస్తుంది. అది వరసగా ఖాళీగా వదిలేస్తున్నానంటే జబ్బు తిరగబెడుతోందని మా ఇంట్లో కనిపెట్టేస్తారు, నాకంటే ముందే. ఇలాంటి చిన్న చిన్న సంగతులు అచ్చులో వస్తే ఇంకో ఇంట్లో పనికొస్తాయి. సూర్యోదయం బొమ్మ పెట్టి పాజిటివ్‌గా ఆలోచించండని ఆదివారం పేజీలో వేసే వ్యాసాలు మానేసినా మాకేం నష్టం లేదు.

మనసు బాగోనివాళ్లు సాయం కోసం ఫోను చేసే టెలీమానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దాన్ని చావు వార్త కింద చీమ తలకాయంత అక్షరాల్లో వేసి చేతులు దులుపుకోకుండా, రోజూ బంగారం ధరల పక్కన వేయండి. అక్కడైతే అందరి కళ్లూ పడతాయి.

ఈ ఉత్తరం వేసుకుంటే నా పేరు మాత్రం తీసేయండి. ఇంట్లో అందరికీ తెలుసు. ఆఫీసులో ఇంకా చెప్పలేదు, ఈ నెలలోనే జీతాల పెంపు లెక్క తేలుస్తున్నారు.

— ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు