నెమో ఏ దేశపు మనిషో చెప్పని పుస్తకం

సంపాదకులకు,

అయ్యా,

విశాఖ బీచిలోని కురుసుర జలాంతర్గామిని చూసి వచ్చిన మా మనవరాలు అటువంటి కథ ఏదైనా కావాలని అడిగినప్పుడు, యాభై ఏళ్ల క్రితం మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను చదివిన ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ నవల గుర్తుకు వచ్చింది. సముద్రం అడుగున ఇరవై వేల లీగులు తిరిగిన నాటిలస్ అనే జలాంతర్గామి, దాని కెప్టెన్ నెమోల కథ అది. ఈసారి పూర్తి ఆంగ్ల ప్రతి తెప్పించి, ఆమెకు ఇచ్చే ముందు నేనే చదివాను. చిన్నప్పటి తెలుగు పుస్తకం వంద పేజీలకు మించదు. సంక్షిప్తమన్న మాట దాని అట్ట మీద గానీ లోపల గానీ లేదు. అందులో మాకు దక్కకుండా పోయినదేమిటో పిల్లల పుస్తకాలు ప్రచురించే వారి దృష్టికి తేవడానికే ఈ లేఖ.

ఇరవై వేల లీగులంటే లోతు అనే మేమంతా అనుకునేవాళ్లం. లీగు దూరానికి పాత కొలత; వెర్న్ లీగు 4 కిలోమీటర్లు కనుక అది 80,000 కిలోమీటర్లవుతుంది. భూమి వ్యాసమే 12,742 కిలోమీటర్లు. అంటే అది నీటి కింద సాగిన ప్రయాణపు దూరం, భూగోళాన్ని రెండుసార్లు చుట్టినంత. ఆ ప్రయాణాన్ని తీసివేసి రాకాసి అష్టపాదులతో పోరాటాన్ని మాత్రం ఉంచితే పిల్లలకు ఈ సంగతి తెలిసే దారి లేదు.

నన్ను ఎక్కువగా కలచివేసింది సింహళ తీరంలోని ముత్యాల ఘట్టం. కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగపట్టి, అరనిమిషంలో దొరికినన్ని ముత్యపు చిప్పలు ఏరుకునే ఒక భారతీయుడి మీద సొరచేప దాడి చేస్తుంది. కెప్టెన్ నెమో బాకుతో దానికి ఎదురు వెళ్లి, తానే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. చివరికి ఆ కూలివాడిని అతని పడవలోకి చేర్చి, అతని చేతిలో ముత్యాల సంచి పెడతాడు. ఇంతవరకు నేను చిన్నప్పుడు చదివినదే. ముందురోజు నెమో చెప్పిన కూలి లెక్క మాత్రం ఆ పుస్తకంలో లేదు: ముత్యం దొరికిన చిప్పకు ఒక సూ, అంటే ఫ్రాంకులో ఇరవయ్యో వంతు, ముత్యం లేని చిప్పలకు ఏమీ రాదు. ఆ భారతీయుడు అణచివేతకు గురైన దేశపు మనిషి అనీ, తుదిశ్వాస వరకు తాను కూడా ఆ దేశపు మనిషినేననీ నెమో పలికిన మాటలు కూడా లేవు. 1875లో పూర్తయిన 'రహస్య ద్వీపం' నవలలో, నెమో 1857 తిరుగుబాటులో పోరాడిన బుందేల్‌ఖండ్ రాకుమారుడు డక్కర్ అని వెర్న్ స్పష్టంగానే రాశాడు. భారతీయ పిల్లల కోసం వేసిన పుస్తకంలో నుంచి తీసివేయవలసిన సంగతి ఇదేనా?

కళింగపట్నం పరిసరాల బడుల్లో నేను సైన్సు పాఠాలు చెప్పాను. తండ్రులు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లగా ఇక్కడ చదువుకున్న పిల్లలు వాళ్లు. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో 20 మంది 2020 జనవరిలో విడుదలైన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి ఇళ్ల పిల్లలకు నేను ఆ పుస్తకం నుంచి సొరచేప పోరాటాన్ని ఎన్నోసార్లు చెప్పాను. కూలి లెక్క చెప్పలేదు, నాకే తెలియదు కనుక. అది వాళ్ల ఇంటి మాట. వాళ్లకు చేరవలసిన మాట. ఈ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సైన్సు విషయంలోనూ నష్టం జరిగింది. మన బంగాళాఖాతంలోనే నాటిలస్ ఒక రాత్రి పాలలాగా తెల్లగా మెరిసే నీటిలో సాగుతుంది. అది కంటికి కనిపించని జీవుల వెలుగని ఈ కథ చెప్పే ప్రొఫెసర్ ఆరోనాక్స్ వివరిస్తాడు. 1995 జనవరిలో సొమాలియా తీరాన ఒక ఓడ సిబ్బంది చూసిన ఇటువంటి పాలసముద్రం 15,000 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుని ఉందని ఉపగ్రహ చిత్రాల నుంచి తేల్చి, శాస్త్రవేత్తలు 2005లో ప్రకటించారు; దానికి కారణం కాంతినిచ్చే బ్యాక్టీరియా అని భావిస్తున్నారు. వెర్న్ పొరబడిన చోట్లు లేకపోలేదు. దక్షిణ ధ్రువానికి నాటిలస్ ఈదుకుంటూ చేరుతుంది. అక్కడ ఉన్నది ఖండం. అటువంటి తప్పును కూడా ఉపాధ్యాయుడు పిల్లలతో కలిసి చదివి చర్చించవచ్చు.

ఆంగ్లంలో మొదట వచ్చిన అనువాదమే దాదాపు నాలుగో వంతు మూలాన్ని వదిలివేసింది. తెలుగు కథ ఏదీ జారిపోకూడదని కాళీపట్నం రామారావు గారు 1997లో కథానిలయం నెలకొల్పిన జిల్లా మాది. పరాయి భాష కథ విషయంలోనూ ఆ పట్టుదల ఉండాలని కోరుకుంటున్నాను. వెర్న్ 1905లోనే మరణించాడు కనుక మూల రచనపై హక్కుల చిక్కు లేదు. ప్రచురణకర్తలు పూర్తి అనువాదాలు వేయాలనీ, కుదించక తప్పనప్పుడు ఆ మాట అట్ట మీద అచ్చు వేయాలనీ, శాఖా గ్రంథాలయాలు పూర్తి ప్రతులనే కొనాలనీ నా విన్నపం. అంతకన్నా ముందు, ముత్యాల ఘట్టం ఒక్కటైనా కూలి లెక్కతో సహా తెలుగు చేయించి, మీ ఆదివారం పిల్లల పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కళింగపట్నం, శ్రీకాకుళం జిల్లా