2020–21 వార్షిక నివేదిక: నడకకు, సైకిలుకు మన వీధిలో చోటు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా వేసవికి ముందే జరిగే సర్వసభ్య సమావేశం ఈసారి ఆగస్టు దాకా వాయిదా పడింది. కారణం కోవిడ్ అని మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈలోగా మన విశాఖ ఎంవీపీ కాలనీ కొందరు పెద్దలను, నడివయసు వారిని కూడా కోల్పోయింది. వారి కుటుంబాలకు సంఘం ప్రగాఢ సానుభూతి తెలుపుతోంది.

నివేదిక అంటే వినాయక చవితి పందిరి, కార్తిక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు వరసగా రాసుకుంటూ పోవడం మనకు అలవాటు. అవేవీ జరగలేదు కాబట్టి రాయడానికీ లేవు. జరిగిన పెద్ద పని ఒకటే. నడిచేవాళ్లకూ సైకిలు తొక్కేవాళ్లకూ మన రోడ్డులో కొంత చోటు ఇప్పించే ప్రయత్నం. దాని మీద కాలనీలో రెండు వర్గాలు తేలాయి, వాట్సాప్ గ్రూపులో మాటలు పెరిగాయి, అలిగి గ్రూపు వదిలినవారు మళ్లీ వచ్చి చేరారు. అందుకే ఈ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాం.

జనం రోడ్డెక్కిన వైనం

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక బీచ్, పార్కులు అన్నీ మూతపడ్డాయి. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో వాహనాలు ఆపి నడిచేవాళ్లకు వదలడం విశాఖకు కొత్త కాదు. బీచ్ ఒడ్డున మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి ముందు నుంచి నాలుగు అడుగులు వేస్తే గాని రోజు మొదలు కానివారు మన ఎంవీపీ కాలనీలో చాలామంది ఉన్నారు. ఆంక్షలు సడలిన తరువాత కూడా బీచ్, పార్కులు వెంటనే తెరుచుకోలేదు. వాళ్లందరూ ఇంటి ముందు రోడ్డు మీదనే నడక మొదలుపెట్టారు.

వీరిది వ్యాయామం. అవసరం కొద్దీ నడిచినవారి సంగతి వేరు. సిటీ బస్సులు సెప్టెంబరులో గాని తిరిగి రోడ్డెక్కలేదు. ఆరిలోవ నుంచి మన ఇళ్లలో పనికి వచ్చే మహిళలు హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి దాటి నడిచే వచ్చారు. పెదజాలరిపేట నుంచి చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చేవాళ్లు, అపార్టుమెంట్ల వాచ్‌మన్లు, పేపరు కుర్రాళ్లు, పాల ప్యాకెట్లు వేసేవాళ్లు అంతా కాళ్లనో సైకిలునో నమ్ముకున్నవాళ్లే. సైకిలు అనగానే హెల్మెట్ పెట్టుకుని గేర్ల సైకిలు మీద భీమిలి దాకా వెళ్లివచ్చే యువకులు గుర్తుకొస్తారు. వారి ఉత్సాహం మెచ్చుకోదగినదే. కాకపోతే రోడ్డు ఎలా ఉన్నా సైకిలు తప్పనివారు ఎవరో ముందుగా చూడాలని కార్యవర్గం భావించింది.

దూరం పాటించమని ప్రభుత్వం చెప్పింది. ఎక్కడ పాటించాలి? మన కాలిబాట అంటే కాలువ మీద పరిచిన పలకలు. రోడ్లకు ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన ప్రకారం కాలిబాటకు ఏ అడ్డూ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, రోడ్డు మీద నుంచి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. ఇద్దరు సభ్యులు టేపు పట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర వరకూ కొలిచారు. ఒక మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకూ ప్రహరీకీ మధ్య ఉన్న సందులో, చేతిలో సంచి ఉన్న మనిషి పక్కకు తిరిగితే గాని పట్టడు. ఇంకొంచెం ముందుకు వెళితే 2014 హుద్‌హుద్ తుపానుకు కూలిన చెట్టు మొద్దు ఇప్పటికీ పలకల మధ్య అలాగే ఉంది. ఆ పక్కన శీతల పానీయాల ఫ్రిజ్, దాని పక్కన పూలకుండీలు. ఇవన్నీ దాటినవారికి కారు ఎక్కడానికి కట్టుకున్న గేటు ర్యాంపులు ఎదురవుతాయి. ఒక్కో ర్యాంపు దగ్గరా ఎక్కి దిగలేక వృద్ధులు ముందే రోడ్డు మీదకు దిగి నడుస్తున్నారు. ఈ అడ్డంకుల్లో విద్యుత్ శాఖ పెట్టినవి కొన్నే. ఎక్కువ భాగం మనం పెట్టుకున్నవే.

మిగతా నగరాలు ఏం చేశాయి

ఈ ఆలోచన మనకే వచ్చిందని గొప్పలు పోవడానికి లేదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచే ఆదివారాలు పెద్ద రోడ్లను సైకిళ్లకు వదిలే ఆనవాయితీ ఉంది. 2020 మార్చిలో అక్కడ కోన్లు పెట్టి రాత్రికి రాత్రే తాత్కాలిక సైకిల్ దారులు తెరిచారు. బెర్లిన్ అదే దారి పట్టింది. మిలన్ 35 కిలోమీటర్ల వీధులను నడకకు, సైకిళ్లకు అనుకూలంగా మారుస్తామని ఏప్రిల్‌లో ప్రకటించింది. మన దేశంలో కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ఆ జూన్‌లో 'సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీ పెట్టింది. వందకు పైగా నగరాలు పేర్లు ఇచ్చాయి. 2021 జులైలో ప్రకటించిన 11 విజేతల్లో వరంగల్ ఉంది. పొరుగు తెలుగు నగరానికి అభినందనలు. వరంగల్‌కు సాధ్యమైనది విశాఖకు ఎందుకు కాదో ఆలోచించాల్సిన బాధ్యత మన మీద ఉంది. మన ఎత్తుపల్లాలు సైకిలుకు పనికిరావనే వాదన సిరిపురం పైకి తొక్కేవారి విషయంలో నిజం కావచ్చు, ఎంవీపీ కాలనీకి వర్తించదు.

వీధిలో ప్రయోగం

దీపావళి తరువాత మన లోపలి వీధిలో ఉదయం, సాయంత్రం కొన్ని గంటలు అడ్డదారి వాహనాలను నిలిపివేశాం. మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి మన వీధిలో దూరి, హారన్ కొడుతూ అవతల తేలే వాహనాలే మన లక్ష్యం. కాలనీవాసుల కార్లను ఎవరూ ఆపలేదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా 'మా ఇంటికి మమ్మల్నే రానివ్వరా' అనే ప్రశ్న వస్తూనే ఉంది కాబట్టి ఇక్కడ రాతపూర్వకంగా నమోదు చేస్తున్నాం.

రోడ్డు మూసే అధికారం సంఘానికి లేదు. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ ప్రకారం అధీకృత అధికారి ఒక ప్రాంతంలో వాహనాలపై ఆంక్ష విధించవచ్చు. నెలకు మించని ఆంక్షకు గెజిట్‌లో ప్రకటన అక్కర్లేదు, స్థానికంగా తెలియజేస్తే సరిపోతుంది. ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ వార్డు సచివాలయంలోనూ, సోమవారాలు ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే స్పందన కార్యక్రమంలోనూ అర్జీలు ఇచ్చాం. అప్పట్లో నగరానికి పాలకవర్గమే లేదు, వెంటపడి అడగడానికి కార్పొరేటరు లేరు. నోటిమాటగా సరే అన్నారు, కాగితం మాత్రం చేతికి రాలేదు.

సామగ్రికి పెద్దగా ఖర్చు కాలేదు. కంటైన్‌మెంట్ జోన్ పెట్టినప్పుడు వీధి చివర కట్టిన సరుగుడు కర్రలు ఓ మూల పడి ఉన్నాయి. తారు డ్రమ్ములను అడ్డంగా కోయించి, మట్టి నింపి, గన్నేరు మొక్కలు నాటాం. వాటిని ఎదురెదురుగా కాకుండా ఒకటి ఈ వైపు, ఒకటి ఆ వైపు పెట్టడంతో కారు మెలికలు తిరుగుతూ నెమ్మదిగా వెళ్లక తప్పదు. మధ్యలో సరుగుడు కర్ర, ఒక మనిషి ఎత్తి పక్కన పెట్టగలిగేంత తేలిక. అంబులెన్సు వస్తే ఎలా అన్నది అందరి భయం, న్యాయమైన భయం. అందుకని ఒక అంబులెన్సు డ్రైవరును బతిమాలి పిలిపించి, బండి నడిపించి చూశాం. ఆయన మలుపు దగ్గర దిగి, ఒక డ్రమ్మును కాలితో తట్టి, 'ఇది అడుగున్నర లోపలికి జరపండి' అన్నారు. జరిపాం. చెత్త బండికి, గ్యాస్ ఆటోకు కూడా అదే కొలత సరిపోయింది.

ఫలితాలు అన్నీ ఒకే తీరుగా లేవు. వేగం తగ్గిన మాట నిజం. వేగమే ఎందుకంటే, 2019లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,51,113 మందిలో 25,858 మంది పాదచారులు. పాదచారులు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020 ఫిబ్రవరిలో రోడ్డు భద్రతపై వెలువడిన స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. మన వీధిలో పిల్లలు తల్లిదండ్రుల చెయ్యి వదిలి సైకిలు నేర్చుకున్నారు. తోపుడు బండ్లను పలకల మీద నుంచి దింపి, రోడ్డు అంచున కార్లు నిలిపే చోట నిలబెట్టాం. బండ్లు నడిచేవారికి అడ్డు తొలగాయి, బేరాలూ పెరిగాయని బండ్లవాళ్లే చెప్పారు.

సైకిళ్ల కోసం గీసిన ప్రత్యేక దారి మాత్రం నిలబడలేదు. సున్నం గీత వానకు పోయింది. రంగు వేస్తే ఆ గీతను స్కూటర్లు పెట్టుకోవడానికి గుర్తుగా వాడుకున్నారు. దీన్నిబట్టి తేలినది ఏమిటంటే, వాహనాలు నెమ్మదిగా వెళ్లే లోపలి వీధిలో సైకిలుకు వేరే దారి అక్కర్లేదు. వేగంగా వెళ్లే డబుల్ రోడ్డు మీదే అది కావాలి. అక్కడ గీత చాలదు, దిమ్మెలు కట్టి వేరు చేయాలి. అది కార్పొరేషన్ చేయాల్సిన పని, మన సున్నంతో అయ్యేది కాదు.

సైకిళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. ఆ నెలల్లో దుకాణాల్లో కొత్త సైకిళ్లు దొరకలేదు. బాదం చెట్టు కింద పంక్చర్లు వేసే మేస్త్రి దగ్గర, అపార్టుమెంట్ల మెట్ల కింద ఏళ్లుగా తుప్పు పట్టిన సైకిళ్లు బారులు తీరాయి. ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, బాల్ బేరింగులు మార్చి ఆయన వాటిని తిరిగి రోడ్డెక్కించారు. బాగుచేసిన వాటిలో యజమానులు వద్దన్న సైకిళ్లను పనివాళ్లకు, వాచ్‌మన్లకు ఇప్పించాం. ఈ ఏడాది సంఘం పెట్టిన ఖర్చులో ఇంత సార్థకమైనది మరొకటి లేదని కార్యవర్గం అభిప్రాయం.

అసలు చిక్కు

మన రోడ్డు ఇరుకని అందరూ అంటారు. టేపు పెట్టి చూస్తే రోడ్డు ఇరుకు కాదు. రెండు వైపులా రాత్రింబవళ్లు నిలిచి ఉండే కార్లే దాన్ని ఇరుకు చేశాయి. చాలా భవనాల్లో ప్లాను ప్రకారం పార్కింగుకు వదలాల్సిన సెల్లారు గదులుగానో, దుకాణంగానో మారి అద్దెలు తెస్తోంది. అద్దె యజమానికి, కారు వీధికి. ఇది ఎవరినీ నొప్పించాలని రాస్తున్న మాట కాదు, కార్యవర్గంలోనూ ఇటువంటి ఇళ్లవారు ఉన్నారు. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం రోడ్డు మీద చోటు వాహనాలకు కాదు, మనుషులకు పంచాలని చెప్పింది. పదిహేనేళ్లయింది.

2021 మే 5 నుంచి మధ్యాహ్నం 12 తరువాత కర్ఫ్యూ రావడంతో పనులన్నీ ఉదయానికే కుదించుకుపోయాయి. ఆ రద్దీలో కర్రలు తీసేశాం, డ్రమ్ములు మాత్రం అలాగే ఉంచాం. జులైలో సాయంత్రం వేళలు మళ్లీ మొదలయ్యాయి.

ఇతర పనులు

టీకాల నమోదుకు యువ సభ్యులు వృద్ధుల ఇళ్లకు వెళ్లి సాయం చేశారు. వానాకాలానికి ముందు కాలువ పూడిక తీయించాం. హోం ఐసొలేషన్‌లో ఉన్న ఇళ్లకు భోజనాలు అందించిన మహిళా సభ్యులకు కృతజ్ఞతలు. ఆడిట్ అయిన లెక్కలు కోశాధికారి వద్ద ఉన్నాయి, నోటీసు బోర్డులోనూ అతికించాం.

సమావేశం ముందుకు వచ్చే అంశాలు

మార్చిలో ఎన్నికలు జరిగి 98 వార్డులకూ కార్పొరేటర్లు వచ్చారు కాబట్టి, ఈసారి ఆంక్ష వేళలకు రాతపూర్వక అనుమతి, డబుల్ రోడ్డు మీద సైకిల్ దారి, ఇసుకతోట వైపు జాతీయ రహదారి దాటడానికి సురక్షితమైన ఏర్పాటు కోరుతూ వినతిపత్రం ఇవ్వాలని ప్రతిపాదన. చెట్టు మొద్దు తొలగింపు కూడా అందులో చేర్చాం.

గేటు ర్యాంపులు కాలువ పలకలు దాటి రోడ్డు మీదకు రాకూడదన్న తీర్మానం మీద చేతులెత్తి ఓటు వేస్తారు. కొట్టించుకోవాల్సిన ర్యాంపులకు మేస్త్రి కూలీలో సగం సంఘం భరిస్తుంది, మొదటి మూడు నెలల్లో ముందుకు వచ్చినవారికి మాత్రమే. అద్దెకు ఉంటున్న కుటుంబాలు కూడా ఈ ఒక్క అంశం మీద మాట్లాడవచ్చు, కార్యదర్శికి ముందుగా పేరు ఇస్తే చాలు.